తిన్నాక చెబుతాను

"ధాత్రికి నువ్వే చెప్పాలి తల్లీ. కానీ ఖాళీ కడుపుతో ఉండగా చెప్పకు. ముందు కాస్త అన్నం తినిపించు," అన్నారు ఫోన్లో అమరేశ్వరరావు గారు.

రాగిణి బాత్రూమ్ తలుపు వేసుకుని తండ్రి మాటలు వింటోంది. గదిలో ఉన్న స్నేహితురాలు ధాత్రికి తన ఏడుపు వినపడకూడదని కుళాయి తిప్పి ఉంచింది. కెనడాలో చదువుకుంటున్న తమ దగ్గరికి వచ్చే డిపెండెంట్ వీసాకి బయోమెట్రిక్స్ ఇవ్వడానికి వాళ్ళిద్దరి భర్తలూ ఒకే కారులో హైదరాబాద్ వెళ్ళారు. తిరిగి వస్తుంటే సూర్యాపేట దాటాక లారీ గుద్దింది. ధాత్రి భర్త రోహిత్ అక్కడికక్కడే పోయాడు.

"మరి రవి?"

"మనవాడికి చిన్న దెబ్బలేనమ్మా. మందిచ్చి పడుకోబెట్టారు. నువ్వు ముందు ఆ పిల్ల సంగతి చూడు."

నా మొగుడు బతికాడు దేవుడా అనుకుంది రాగిణి. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

మనవాళ్ళతో ఇదొకటి. చావు కబురు మోసుకొచ్చినవాళ్ళు ముందు కంచం పెడతారు. విన్నాక ఇక ఎన్నాళ్ళకి మెతుకు దిగుతుందో ఎవరికి తెలుసు! రాగిణి కూడా ఆ ఇళ్ళల్లో పెరిగిందే. కానీ ఎక్కడ తినిపించాలి? విన్నిపెగ్‌లో ఆ ఏడాది ఏ బస్సెక్కినా సగం మంది తెలుగు స్టూడెంట్లే. ఇండియన్ రెస్టారెంట్‌కి వెళితే ఎవరో ఒకరు వాట్సాప్ చూసి వచ్చి "అయ్యో ధాత్రీ" అనేస్తారు. మనవాళ్ళు అడుగుపెట్టని చోటు కావాలి.

రాగిణి మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి ధాత్రి కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"కొరియన్ల వీధికి వెళ్దామా? నువ్వెప్పుడూ అంటుంటావుగా."

"పద." ఇప్పుడెందుకు అని కూడా అడగలేదు ధాత్రి.

"ఫోన్లు ఆపేద్దామే. ఈ ఒక్కపూట హాయిగా తిరుగుదాం."

"నేనూ అదే అందామనుకున్నా."

కొరియన్ల సంత ఓ పాత గోడౌన్‌లో ఉంది. కారం పట్టించిన క్యాబేజీ జాడీలు, తొట్లలో కదులుతున్న పీతలు, గుట్టలుగా పోసిన ఎండుచేపలు. ఒక ముసలాయన చేపల తలలు నరుకుతున్నాడు. కత్తి చెక్క మీద పడ్డ ప్రతిసారీ రాగిణి ఉలిక్కిపడింది. ధాత్రి ఎండు నెత్తళ్ళ చేపల గుట్ట దగ్గర ఆగి, గుప్పెడు తీసి, మళ్ళీ గుట్టలోనే వేసేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏంటే?"

"ఏం లేదు. కారం ఘాటు."

కారం మూటలు ఎక్కడో అవతలి వరసలో ఉన్నాయి. రాగిణికి ఒళ్ళు జలదరించింది. భార్య మనసుకి ముందే తెలిసిపోతుందంటారు, దీనికి తెలిసిపోతోందా?

సంత పక్కనే నాలుగు బల్లల చిన్న హోటలు. నడిపే పెద్దావిడ వేడన్నం, పులుసు తెచ్చి, అడక్కుండానే ఆరు చిన్న గిన్నెల్లో కూరలు సర్దింది.

"తినవే," అంది రాగిణి.

"ముందు నువ్వు తిను. పొద్దున్నుంచీ నీ కడుపులో ఏమీ పడలేదు."

"నా సంగతి వదిలెయ్. నీ కోసమే వచ్చాం."

"నువ్వు తినకపోతే నాకెలా దిగుతుందే?"

కూర గిన్నెలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిగాయి. ఇద్దరూ మొండివాళ్ళే. పుల్లలతో తినడం రాక, వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి స్పూన్లు తీసుకున్నారు. పెద్దావిడ పరుగున వచ్చి రెండు గిన్నెల్లోంచీ పుల్లలు లాగేసింది.

"అలా గుచ్చకూడదు! చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతాం," అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోలేదు. ఆ తర్వాత ముద్ద దిగితే ఒట్టు. సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముక్కలు కట్టించుకుని లేచారు.

వీధి చివర అసినిబోయిన్ నది. నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఒడ్డున మనిషన్నవాడు లేడు. ఇక్కడే చెప్పాలి అనుకుంది రాగిణి. విన్న ఊపులో దూకేస్తే? ధాత్రిని బెంచీ మీద గట్టువైపు కూర్చోబెట్టబోయింది. ధాత్రి వినలేదు. రాగిణినే అటు నెట్టి, తను నీళ్ళవైపు కూర్చుంది.

"ఇవి తినేయవే. తిన్నాక నీకో మాట చెప్పాలి."

"నువ్వు తింటేనే."

చిన్నపిల్లకి పెట్టినట్టు రాగిణి ఒక ముక్క ధాత్రి నోట్లో పెట్టింది. ధాత్రి ఒకటి తీసి రాగిణి నోట్లో పెట్టింది. అలా ఒకరికొకరు తినిపించుకుంటుంటే పొట్లం ఖాళీ అయింది. రాగిణి చెయ్యి తుడుచుకుని, ధాత్రి చెయ్యి పట్టుకుంది. పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తులేదు.

"ధాత్రీ..." అనగానే బావురుమంది.

ధాత్రి ఆమెని రెండు చేతులతో గట్టిగా పొదివి పట్టుకుంది.

"అయ్యో, నీకు తెలిసిపోయిందా? కడుపునిండా తిన్నాకే చెప్పమన్నారే మా మామయ్య. ధైర్యం తెచ్చుకో రాగిణీ, నేనున్నాను. కారులో రవి అన్నయ్య అక్కడికక్కడే పోయాడట... మా రోహిత్‌కి కాలు మాత్రమే విరిగిందట."