మూడో బేరింగ్

ఓ ముసలాయన సిమెంటు కొలిమిని మోసే మూడో బేరింగ్ మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని నిలబడి ఉన్నాడు.

ఇంజనీరు భూపేష్‌కి ఒళ్లు మండింది. వారానికి ఒక్క గురువారం ఫ్యాక్టరీకి వచ్చేది ఈ కునికిపాట్లు చూడటానికా?

మిగతా రోజులు అతను కడప ఆఫీసులో చల్లగా కూర్చుని, ముద్దనూరు దారిలోని ఫ్యాక్టరీలో తిరిగే ఆ కొలిమిని కంప్యూటర్లోనే చూసుకుంటాడు. రెండు వేల ఎనిమిదిలో అది గొప్పే మరి. మంటలు ఒకచోట, ఇంజనీరు ఇంకోచోట.

"ఏం పెద్దాయనా, నిద్రా?"

ముసలాయన చెయ్యి తీశాడు. అరచెయ్యి కమిలి, చెప్పు అట్టలా ఉంది.

"ల్యా సార్. వేడి సూస్తాండా. ఓబన్న అంటారు నన్ను."

"చేత్తోనా? దానికి సెన్సర్ ఉందయ్యా. పొద్దున యాభై ఎనిమిది డిగ్రీలు చూసే బయల్దేరాను."

"పొద్దున అంతే సార్. ఇప్పుడు అరవై ఒకటి."

ఎవరి దగ్గరో విని అప్పజెబుతున్నాడనుకున్నాడు భూపేష్. అక్కడికక్కడే మేస్త్రీని పిలిచి, ఈ మనిషి రేపటినుంచి వద్దన్నాడు.

ఓబన్న బతిమాలలేదు. ఒక్కటే అడిగాడు.

"నేను పోతే దీన్ని ఎవురు సూస్తారు సార్?"

"నేను చూస్తాను, కడప నుంచి."

"ఆణ్నుంచి కనపడతాదా?"

"అంతా కనపడుతుంది."

"అట్లయితే మంచిదే సార్."

బేరింగ్‌ను ఇంకోసారి తాకి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కంప్యూటర్లో మూడో బేరింగ్ వేడి అరవై ఒకటి దగ్గర నిలిచింది. పొద్దున అంతే, సాయంత్రం అంతే. ఇంత నిలకడ ఎన్నడూ లేదని భూపేష్ పైవాళ్లకు రాసి, మెప్పు కూడా పొందాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బేరింగ్ పట్టేసి, నూనెకు నిప్పంటుకుంది. అక్కడ గ్రీజు పూస్తున్న కూలీ దాసన్న ఆసుపత్రి చేరకముందే పోయాడు.

అప్పుడూ కంప్యూటర్లో అరవై ఒకటే.

భూపేష్ కారేసుకుని ఫ్యాక్టరీకి వచ్చిపడ్డాడు. అక్కడి కంట్రోల్ రూములో ఆపరేటర్ సుందరం గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"సెన్సర్ ఏమైంది?"

"అది పోయిన ఎండాకాలమే కాలిపాయ సార్. కొత్తది రాల్యా. చెప్తే కొలిమి ఆపుతారు, నా ఉద్యోగం పోతాదని నోరు మూసుకుంటి."

"మరి నాకొచ్చే అంకెలు?"

"నేనే కంప్యూటర్లో కొడతాంటి సార్. ఈ తొమ్మిది దినాలు పాతదే కొట్టినా."

"అంతకుముందు మారుతుండేవి కదా?"

సుందరం తల ఎత్తలేదు.

"ఓబన్న గంటగంటకీ చెయ్యి పెట్టి చూసొచ్చి చెప్పేటోడు. ఎంతసేపు ఓర్చుకుంటే ఎంత వేడో, ఆయప్ప చేతికి తెలుసు. నా చేతికి తెలీదు సార్."

భూపేష్ తెరమీది అరవై ఒకటి వైపు చూశాడు.

ఏడాదిగా కడపలో కూర్చుని అతను కళ్లకద్దుకున్న ప్రతి అంకె, తాను పనిలోంచి తీసేసిన ఆ కమిలిన అరచెయ్యి పంపిందే.