లోపలి బనీను

సోకుల కోతి సైకిలెక్కి కొండమీదికి బయల్దేరుతుంటే, గొర్రె అత్త తన ఉన్నితో అల్లిన పల్చటి బనీను తెచ్చి ఇచ్చింది.

"ఒంటికి ఆనేలా లోపల వేసుకో అల్లుడూ. చెమటకు తడిసినా వెచ్చగానే ఉంటుంది."

"లోపల వేసుకుంటే ఎవరికి కనబడుతుంది అత్తా?" అంటూ కోతి లోపల నూలు బనీను తొడుక్కుని, ఉన్నిది పైన వేసుకుంది.

ఎక్కేటప్పుడు నూలు బనీను చెమటకు తడిసి ముద్దయింది. కొండమీద చలిగాలి కొట్టేసరికి అది మంచుగడ్డలా ఒంటికి అంటుకుపోయింది. దిగేటప్పుడు కోతి ఎంత వణికిందంటే, వేలు పెట్టకుండానే సైకిలు బెల్లు ట్రింగుట్రింగుమని మోగుతూనే ఉంది. ఆ మోతకు అడవి అడవంతా పరుగెత్తుకొచ్చి దారిపక్కన నిలబడింది.

"అందరూ వచ్చారల్లుడూ," అంది గొర్రె అత్త. "ఇప్పుడు చూపించు నీ బనీను!"