నాలుగో భాగం చివరి తలుపు

"ఐదో భాగం రావడానికి ఇంకా ఆరు నెలలు పడుతుందమ్మా. రాసేవాణ్ణి నేనే, నాకు తెలియదా?"

"మా అక్క ఆరు వారాలకు మించి బతకదన్నారు డాక్టర్లు సార్. ముగింపు ఒక్కటి చెప్పండి, వెళ్లిపోతాను," అంది చెల్లెలు. ఆ వీడియో గేము తయారుచేసే ఆఫీసుకు ఆమె రావడం ఇది మూడోసారి.

రచయిత తల గోక్కున్నాడు. "విడతలుగా వదిలితే ఇదే తంటా. ఆడేవాళ్లకు ఊరింపు, నాకు ప్రాణసంకటం. మీ అక్క ఏ పేరుతో ఆడుతుంది?"

"కత్తెరమ్మ. టైలరు లెండి."

అతను కంప్యూటర్లో వెతికి, కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఈవిడ నాలుగో భాగమే పూర్తి చేయలేదే."

"నెల కిందటే అయిపోయిందంది సార్. ఐదోది ఇంకా రాలేదు కదా అని రోజూ నా ప్రాణం తోడేస్తోంది."

"చివరి తలుపు తెరిస్తేనే ఆ భాగం అయినట్టు. అక్కడి దాకా పదకొండుసార్లు వచ్చింది. ఒక్కసారీ తెరవకుండా వెనక్కి తిరిగింది."

చెల్లెలు తెర మీదికి వంగి ఆ అంకె చూసింది. ఆమె ముఖం చూడలేక రచయిత కుర్చీ దగ్గరికి జరిపాడు. "సరే, ముగింపు చెబుతాను. బయట ఎవరితోనూ అనకు."

అప్పుడే ఆస్పత్రి నుంచి అక్క ఫోను చేసింది. "మళ్లీ అక్కడికే వెళ్లావా? ఆయన ఏమైనా చెప్పేశాడా ఏంటే?"

చెల్లెలు చెయ్యెత్తి రచయితను ఆపింది. "లేదక్కా. ఇంకా రాయనే లేదట."



"హమ్మయ్య," అంది అక్క.