మీసానికంటిన సాస్

"ఇంకా దూరం చూపించే స్కోపు కావాలి బావా," అన్నాడు డెల్మర్, మోంటానాలో తన అక్క మొగుడు వెర్లిన్ నడిపే తుపాకుల దుకాణంలో.

"పాతదానికేమైంది?"

"దానికేం, బంగారంలా ఉంది! పోయినేడు దుప్పుల వేటలో నువ్వు ఎదుటి కొండమీద కూర్చున్నావు చూడు, ఆరువందల గజాల దూరం. నీ చేతిలో శాండ్‌విచ్, మీసానికంటిన సాస్ కూడా కనిపించాయి."

వెర్లిన్ అరలోంచి తీయబోతున్న కొత్త స్కోపును అక్కడే వదిలేశాడు.

"అప్పుడు నీ స్కోపు దేనిమీదుంది?"

"తుపాకీ మీద. ఇంకెక్కడుంటుంది?"

"లోపల తూటా?"

డెల్మర్ గొంతు తగ్గింది. "దుప్పి ఎప్పుడొస్తుందో తెలీదు కదా బావా..."

వెర్లిన్ ఒక బైనాక్యులర్ తీసి అతని మెడలో వేశాడు.

"ఇకమీదట నేను తినేది చూడాలనిపిస్తే దీంతో చూడు. ఆ శాండ్‌విచ్ సంగతి మాత్రం మీ అక్కకి చెప్పకు, పోయినేడంతా నేను పథ్యంలో ఉన్నాననుకుంటోంది."