తొమ్మిదొచ్చే నంబరు

పుంగనూరు పాలడెయిరీలో పశువుల డాక్టరు కోసం వచ్చే ఫోన్లను కంప్యూటర్ ఫారంలో ఎక్కిస్తారు. అందులో ‘అర్జెంటు’ గడి చేర్చింది డెయిరీ కంప్యూటర్లు చూసుకునే మణికంఠ. ప్రతి గడికీ ఒక నంబరుండాలి. కలిసొస్తుందని, అంకెలు కూడితే తొమ్మిదొచ్చే నంబరు ఎంచుకున్నాడు. ఆ నంబరున్న వరస తమ గడులకే వదిలేయమని సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందే చెప్పింది.

నిన్న సీడీలో కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించగానే అదే నంబరుతో కంపెనీ వాళ్ల కొత్త గడి దిగి, అర్జెంటు టిక్కులన్నీ చెరిగిపోయాయి. డాక్టరు ఆలస్యంగా వెళ్లాడు. ఈనలేక ఒక ఆవు చచ్చిపోయింది.

“టిక్కు పెట్టలేదా?” మేనేజరు ఆపరేటరు యశోదమ్మను నిలదీశాడు. ఆమె తలదించుకుంది. మణికంఠ స్క్రీన్ వైపు తిరిగాడు.

మేనేజరు వెళ్లాక, ఎవరికీ చెప్పకుండా తన గడి నంబరు మార్చేశాడు.

యశోదమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“నాకు మతిమరుపు వచ్చినట్టుండాదప్పా. లేకుంటే ఇంటికాడ్నించి మా ఆయన ఫోన్ చేస్తే, మా ఆవుకే టిక్కు పెట్టేది మరిస్తానా?”