లిఫ్ట్ మీది ఇల్లు

“ఇది ఫిట్‌నెస్ తనిఖీలో పాసవదు,” అన్నాడు జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ గరాజ్ మెకానిక్, లిఫ్ట్ మీదున్న పాత డీజిల్ మోటార్‌హోమ్ అడుగున టార్చి వేసి చూపిస్తూ. “ఛాసీ లోపలంతా తుప్పు తినేసింది. ఎవరో నెలల తరబడి ఓపిగ్గా గీకి రంగేశారు గానీ, లాభం లేదు.”

“అమ్మినోళ్లే రంగేసి మోసం చేసిన్రు శశీ,” అంది సంయుక్త భర్తతో తెలుగులో. “కొని వారమే కద, వాపస్ ఇచ్చేద్దాం. సెలవులకు ఇటలీకి రైల్ల పోదాం.”

శశికాంత్ తలెత్తలేదు. “కొన్నది మే నెలల. రంగేసింది నేనే.”

“నీకు టైమెక్కడిది? పొద్దున ఆఫీసుకు పోతే చీకటి పడ్డంకనే వస్తవు కద.”

“ఆఫీసోళ్లు నన్ను మే నెలలనే తీసేసిన్రు. రోజూ ఈ బండి కాడికే వస్తున్న. ఇల్లు వదిలేస్తమని ఓనర్‌కు కుండిగుంగ్ నోటీసు ఇచ్చిన. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె. ఇంకో జాబ్ దొరికేదాంక ఈ బండిలనే ఉందామనుకున్న.”

ఇటలీ మాట ఎత్తిందల్లా తనేనని, అతను ఒక్కసారి కూడా అనలేదని సంయుక్తకి అప్పుడు గుర్తొచ్చింది.

“కిందికి దించెయ్యనా?” అడిగాడు మెకానిక్.