టన్నెల్ నేర్పిన అన్న

విచారణ గదిలో బోరమ్ ధైర్యంగానే కూర్చుంది. యూనియన్ పెట్టడం నేరం కాదు. ఆ కారణం చెప్పి ఉద్యోగం తీసేసే దమ్ము సియోల్‌లో ఏ గేముల కంపెనీకీ లేదు.

యూనియన్ సభ్యత్వాల వెబ్ పేజీని సొంత లాప్‌టాప్‌లోనే ఉంచి, ఇంటర్నెట్ మీదుగా బయటివాళ్లకు దారి తెరిచే టన్నెల్ లింకుతో తోటివాళ్ల ఫోన్లలో కనిపించేలా చేయడం ఆమెకు నేర్పినవాడు సీనియర్ గ్యుచాన్.

"నీ పాత డబ్బా మొరాయిస్తుంది చెల్లీ, ఆఫీసు లాప్‌టాప్‌లో నడుపు," అన్నాడు ఆ రోజు భోజనం దగ్గర, తన సూపులోని మాంసం ముక్కలు ఆమె గిన్నెలో వేస్తూ.

ఇప్పుడు కంపెనీ తరఫు కుర్చీలో కూర్చున్నదీ అతడే.

"యూనియన్‌తో మాకు పేచీ లేదు బోరమ్ గారూ. అనుమతి లేకుండా ఆఫీసు లాప్‌టాప్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరిచారు. మిమ్మల్ని తీసేస్తున్నది అందుకు."

"నేర్పింది నువ్వే కదన్నా?"

"నేర్పాను. తెరిచింది మీరు."